వెల్లుల్లి తినే పితృదేవతలు

మార్చి 20

అన్నయ్య వచ్చాడు. చీబా పట్నం నుంచి విమానంలో వచ్చి, అద్దె కారులో గుడి దాకా వచ్చి, కారు దిగీ దిగగానే "ఇంకా ఇక్కడ మనుషులున్నారా?" అన్నాడు. ఉన్నాం రైజో దొరగారూ. నేనున్నాను, అడవి పందులున్నాయి. మా ఊళ్ళో జనాభా పెరుగుతున్నది పందులదొక్కటే.

పగలూ రాత్రీ సమానమయ్యే వారం, సమాధులు కడిగే వారం. ఒకప్పుడు ఈ రోజుల్లో పంపు దగ్గర బకెట్టు పెట్టడానికి వంతు వచ్చేది కాదు. ఇవాళ నా బకెట్టొక్కటే. మెట్ల పక్క వరసల్లో సగం సమాధులు లేవు. రాళ్ళు ఎత్తేసి కంకర పోశారు. కొండ పళ్ళూడిన నోరులా ఉంది.

రాయి కడిగి, పూలు పెట్టి, అగరొత్తులు వెలిగించి చేతులు జోడించాను. నేను కళ్ళు తెరవక ముందే అన్నయ్య అనేశాడు.

"మిత్సూ, ఇది ఎత్తేద్దాం."

"ఏది, బకెట్టా?"

"సమాధి."

వయసు డెబ్భై నాలుగట, ఈ మెట్లు ఇంకెన్నాళ్ళు ఎక్కుతాడట. కూతురు పెళ్ళి చేసుకోనంటోంది, తన తర్వాత ఇక్కడికి ఎవరొస్తారట. చీబాలో వాళ్ళింటి దగ్గర ఆరంతస్తుల భవనం ఉందట. కిటికీ దగ్గర కార్డు పెడితే లోపల లిఫ్టు తిరిగి మనవాళ్ళ అస్థికల పెట్టె వచ్చి ముందు నిలబడుతుందట. ఏసీ ఉందట, దోమలు లేవట.

"కార్డు పోతే?"

"ఇంకోటి ఇస్తారు."

"అప్పుడు పూర్వీకులు కూడా డూప్లికేటేనా?"

నవ్వలేదు. చిన్నప్పుడు నవ్వేవాడు. "మన ఓబా వంశం పన్నెండు తరాలది మిత్సూ. దిక్కులేని వాళ్ళలా ఇక్కడ అడవిలో వదిలేయలేను" అన్నాడు.

పన్నెండు తరాలు ఎక్కణ్ణుంచి తెచ్చాడో. గనిలో పని దొరుకుతుందని తాతయ్య షికోకు దీవి నుంచి ఒక మూటతో వచ్చి ఇక్కడ రైలు దిగాడు. ఈ ఊళ్ళో ఎవరి వంశమైనా రైలు దిగిన దగ్గరే మొదలు. ఆ మాట అనలేదు.

అడగాలనుకున్నది కూడా అడగలేదు. మరి నేనెక్కడికి? పెళ్ళి కాని ఆడపిల్లది పుట్టింటి సమాధే. ఆ రాతి కింద అమ్మ పక్కన చోటు నాదని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను. సరే, పెద్దవాడు, ఆలోచించే ఉంటాడు. నాకు కోపం లేదు.

మార్చి 21

ఫ్రిజ్ కడిగాను.

మార్చి 27

ఫోను చేసి అడిగాను. "నీ సంగతి తర్వాత చూద్దాంలే, నువ్వింకా గుండ్రాయిలా ఉన్నావుగా" అన్నాడు. ఆ పెట్టెలో తాతయ్య, నానమ్మ, నాన్న, అమ్మ, తర్వాత తనూ వదినా వాళ్ళమ్మాయీ. దాంతో నిండిపోతుందట.

"ఎన్నాళ్ళుంచుతారు అలా?"

"ముప్ఫై మూడేళ్ళు."

"ఆ తర్వాత?"

"అందరినీ కలిపి ఒక్కచోట పోస్తారు. ఎక్కడైనా అంతే ఇప్పుడు."

అంటే పన్నెండు తరాల వంశగౌరవానికి ఇంకో ముప్ఫై మూడేళ్ళే గడువు. ఆ మీదట ఊళ్ళోవాళ్ళందరితో కలిపి ఒకే గోతిలో ఓబావారు.

నాకు కోపం లేదు. మొన్న ఫ్రిజ్ అరలు సరిగా కడగలేదనిపించి మళ్ళీ తీశాను.

ఏప్రిల్ 4

వృద్ధాశ్రమం వంటింట్లో రోసానా పట్టేసింది. డెబ్భై ఏళ్ళదాన్ని తొంభై ఏళ్ళవాళ్ళకి వండుతాను, రోసానా వాళ్ళకి స్నానాలు చేయిస్తుంది. ఇద్దరం కలిసి ఆశ్రమాన్ని మోస్తున్నామని మా ఇద్దరి అభిప్రాయం.

"పిన్నీ, ఉల్లిపాయల మీద ఎందుకంత కసి?"

"కసేం లేదే."

"ఆ ముక్కలు చూడు, దారం ఎక్కించి బట్టలు కుట్టొచ్చు."

చెప్పాను. నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. ముఖం చూస్తే మా చేపల కొట్టువాళ్ళమ్మాయిలా ఉంటుంది, నోరు తెరిస్తే బ్రెజిల్. వాళ్ళ అమ్మమ్మ ఇక్కడికి రెండు కొండల అవతల ఊరిది. గంపెడు పిల్లల ఇంట్లో తిండి చాలక ఓడెక్కించారు. అప్పట్లో జనం ఎక్కువై పంపించారు, ఇప్పుడు జనం చాలక మనవరాలిని పిలిపించుకున్నారు. అక్కడ అందరూ తనని జపాన్ పిల్ల అనేవారట, ఇక్కడ బ్రెజిల్ ఆవిడ. "విమానంలో కూర్చున్నంతసేపే పిన్నీ, నన్నెవరూ ఏమీ అనంది" అంటుంది.

"మా వైపైతే అన్నతో గొడవ పెట్టుకుని చోటు తెచ్చుకుంటాం."

"నాకు గొడవలు చేతకావు."

"పాపం, ఆ ఉల్లిపాయల్ని అడిగితే చెబుతాయి."

ఏప్రిల్ 13

గుడికి వెళ్ళాను. పూజారి రియోషిన్ ఒక్కడే నాలుగు గుళ్ళు చూసుకుంటాడు, పొద్దునపూట ఆస్పత్రి బస్సు నడుపుతాడు. బస్సులో తీసుకెళ్ళినవాళ్ళనే కొన్నాళ్ళకి ఇక్కడికి తీసుకొస్తున్నానని తనే చెప్పుకుని తనే బాధపడతాడు.

అన్నయ్య పెద్దవాళ్ళని తీసుకుపోతే పోనీ, రాయి నాకుంచండి, నేను చూసుకుంటాను అన్నాను.

"మీ తర్వాత?"

"నా తర్వాత నేను లోపలుంటాను."

"అదే మిత్సుయోగారూ. లోపలున్నవాళ్ళు బయట కడగలేరుగా. వెనక ఎవరో ఒకరు ఉన్నారంటేనే ఇవ్వాలని గుడి నియమం."

"వాన కడుగుతుంది."

"మిత్సుయోగారూ."

మంచివాడే. నియమం అతను పెట్టింది కాదు. వెనక ఎవరూ లేని సమాధులు ఏమవుతాయో అటు వైపు మూల చూస్తే తెలుస్తుంది. దిక్కులేనివాళ్ళ దిబ్బ. రాళ్ళన్నీ గుట్టగా పేర్చి, అస్థికలన్నీ కింద కలిపేసి, మీద ఒక చిన్న విగ్రహం. ఏటా పెరుగుతోంది అది. ఊరు తగ్గేకొద్దీ దిబ్బ పెరుగుతోంది.

పంపించేటప్పుడు నవ్విద్దామనుకున్నాడేమో, "మీవాళ్ళు వెళ్ళిపోతే నాకో లాభముంది, బోన్ పండక్కి ఆ వెల్లుల్లి వాసన తప్పుతుంది" అన్నాడు.

వాళ్ళ నాన్న కూడా ఇలాగే గొణిగేవాడు. బుద్ధుడి ముందు నీచు, వెల్లుల్లి పెట్టకూడదు, పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా చనిపోయినవాళ్ళు ఇంటికొచ్చే ఆ మూడు రోజులూ మా ఇంట్లో వాళ్ళ ముందు ఓ చిన్న పళ్ళెంలో కారమూ వెల్లుల్లీ దట్టించిన క్యాబేజీ ఊరగాయ ఉండాల్సిందే. ఎవరేమన్నా నానమ్మది ఒకటే మాట, "మావాళ్ళు తింటారు." అన్నయ్యకైతే అదో గర్వం. ఓబా వంశాచారం అంటాడు. చీబాలో కూడా తప్పకుండా పెడతాడు, వదిన ముక్కు మూసుకుని పక్క గదిలో కూర్చుంటుంది.

మే 11

ఇవాళ సమాధి తెరిచారు.

పూజారి మంత్రాలు చదివి రాతిలోంచి ఆత్మని సాగనంపాడు. ఇక అది వట్టి రాయి అన్నమాట. గోహే మేస్త్రీ ముందు పలక జరిపి, బోర్లా పడుకుని సగం లోపలికి దూరి ఒక్కో కుండా అందించాడు. తాతయ్య. నానమ్మ. నాన్న. అమ్మ. అన్నయ్య ఒక్కొక్కరినీ తీసుకుని రుమాలుతో తుడిచి గుడ్డలో కట్టాడు. అమ్మ కుండని రెండుసార్లు తుడిచాడు. రాతి మనిషేం కాదు మా అన్నయ్య, అది నాకు తెలుసు.

"అంతేనా?" అన్నాడు పూజారి.

లోపలి నుంచి మేస్త్రీ గొంతు. "ఇంకోటుందండీ. వెనక మూల. మీ నానమ్మగారి కుండని ఆనుకుని ఉండింది."

బయటికి తీశాడు. గోధుమరంగుది. మూతికి కట్టిన గుడ్డ మట్టైపోయింది. మేస్త్రీ చెవిమిషను సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అస్థికల కుండ కాదు. ఊరగాయ జాడీ."

లోపల తెల్లగా ఉంది. ఎముకలే. పేరు లేదు.

"ఎవరిది?" అన్నాడు అన్నయ్య. మాకెవరికీ తెలియదు. అమ్మని పెట్టినప్పుడు కూడా పాత మేస్త్రీయే లోపలికి దూరాడు, మేం బయట గొడుగు కింద నిలబడ్డాం. నాన్నకి తెలిసే ఉంటుంది. నాన్న ఎప్పుడూ ఏమీ చెప్పేవాడు కాదు.

"పుట్టగానే పోయిన బిడ్డేమో" అన్నాడు మేస్త్రీ. పూజారి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు. ఎదిగిన మనిషి ఎముకలట.

"మనది కాదు" అన్నాడు అన్నయ్య.

"మన సమాధిలోనే ఉందిగా."

"ఎవరో పొరపాటున పెట్టి ఉంటారు."

పొరపాటున బస్సెక్కిన వాళ్ళని చూశాను. పొరపాటున సమాధిలో దిగినవాళ్ళని ఇప్పుడే వింటున్నాను.

"పేరు లేదు, ఊరు లేదు. దిక్కులేనివాళ్ళ దిబ్బలో కలిపేయండి పూజారిగారూ" అన్నాడు.

వచ్చే నెల రాయి ఎత్తే రోజు దాకా అన్నీ గుళ్ళోనే ఉంచుదామని పూజారి సర్దిచెప్పాడు. అన్నయ్య నాలుగు మూటలూ తనే మోశాడు. అయిదోదాన్ని ముట్టుకోలేదు. నేను తుడిచాను. రుమాలు లేదు, తోట పని తొడుగుతో తుడిచాను.

మే 12

ఫ్రిజ్.

మే 16

తాత్సు మామ్మకి మధ్యాహ్నం గంజి తినిపిస్తూ ఉట్టినే అన్నాను. తొంభై ఆరేళ్ళావిడ, నిన్న తిన్నది గుర్తుండదు. కానీ పడుచుగా ఉన్నప్పుడు నానమ్మతో కలిసి గని బయట బొగ్గులోంచి రాళ్ళు ఏరింది. నానమ్మని పేరు పెట్టి పిలిచినవాళ్ళలో ఈవిడొక్కతే మిగిలింది.

"మామ్మా, మా సమాధిలో ఊరగాయ జాడీ దొరికింది."

నమలడం ఆపింది. "ఇప్పుడెందుకు తీశారే అతన్ని?"

చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. "ఎవరిని?"

"పాక్‌ని." నేను తెలివితక్కువదాన్నన్నట్టు చూసింది. "అది వాళ్ళింటి పేరట. గనిలో ఏదో జపాన్ పేరు తగిలించారు, అది అతనికీ గుర్తుండేది కాదు, మాకూ ఉండేది కాదు. యుద్ధం రోజుల్లో కొరియా నుంచి పట్టుకొచ్చారుగా మగాళ్ళని, ఓడల నిండా. మన మగాళ్ళంతా యుద్ధానికి పోయారు. మీ నాన్న కూడా. మీ నానమ్మ హాత్సు సాయంత్రంపూట వాళ్ళ బసలో వంట చేసేది. వంటంటే ఏం వంటలే, చిలగడదుంప తొక్కలు. అతను ఒక్కటే అడిగేవాడు. వెల్లుల్లి. పొద్దస్తమానం వెల్లుల్లి, వెల్లుల్లి. చూసి చూసి మీ నానమ్మ పెరట్లో వేసింది. ఎలా ఊరబెట్టాలో అతనే నేర్పాడు. ఇరుగుపొరుగు ముక్కులు మూసుకుని ఒకటే తిట్లు."

"తర్వాత?"

"యుద్ధమైపోయింది. అందరూ ఓడెక్కి వెళ్ళిపోయారు. అతనికి దగ్గు. దగ్గు తగ్గాక వెళతానన్నాడు. తగ్గలేదు. చలికాలంలో పోయాడు. తీసుకెళ్ళడానికి వాళ్ళవాళ్ళెవరూ మిగల్లేదు ఇక్కడ. దిబ్బలో వేద్దామన్నారు. హాత్సు ఊరగాయ జాడీ కడిగి ఎండబెట్టింది. మీ సమాధిలో పెడతానంది. ఊరి పెద్దలు ఇంటి మీదికొచ్చారు, పరాయి దేశంవాణ్ణి ఎలా పెడతావని. చీకట్లో ఎవరు ఎవరో చూడొచ్చేదెవడయ్యా, లోపల చోటుంది, కాస్త జరిగితే సరి, అంది. అంతే. మీ నానమ్మతో ఎవడు వాదిస్తాడు?"

అడక్కుండా ఉండలేకపోయాను. "మామ్మా, వాళ్ళిద్దరి మధ్యా..."

"ఏముంది? అన్నం ఉంది." గంజి కోసం నోరు తెరిచి, మళ్ళీ మూసింది. "ఒసే మిత్సూ, డెబ్భై ఏళ్ళొచ్చాయి, మనిషికీ మనిషికీ మధ్య ఒకటే ఉంటుందనుకుంటున్నావుటే ఇంకా?"

"అతని అసలు పేరేమిటి?"

"చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. మాకు నోరు తిరగలేదు. మూడోసారి అడిగితే నవ్వి ఊరుకున్నాడు."

వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. ఎదురుగా ఉల్లిపాయలున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

మే 17

పొద్దున లేస్తూనే తట్టింది. వెల్లుల్లి.

"మావాళ్ళు తింటారు" అని నానమ్మ అన్నది మా వాళ్ళ గురించి కాదు. అతని గురించి. పండక్కి అందరూ ఇంటికొస్తారు కదా, అతనూ వాళ్ళతో పాటే వస్తాడు, వచ్చి ఏం తింటాడు పాపం. అదీ ఆ పళ్ళెం. అది మా పన్నెండు తరాల ఆచారమని మేమిద్దరం ఇన్నేళ్ళూ అనుకున్నాం. అన్నయ్య చీబాలో, ముక్కు మూసుకున్న పెళ్ళానికి వంశం గొప్పలు చెబుతూ, ఇన్నేళ్ళుగా పాక్‌కి తిండి పెడుతున్నాడు.

పగలబడి నవ్వాను, ఒక్కదాన్నే. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ పాక్‌నే కదా దిబ్బలో పోయమన్నాడు.

మే 19

అన్నయ్యకి ఫోను చేద్దామని తీసి, అంట్లు ఉన్నాయని పెట్టేశాను. అంట్లు లేవు.

మే 25

రోసానాకి అంతా చెప్పాను. వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ విన్నది. పాక్ పోయిన దగ్గర కాళ్ళూపడం ఆపేసింది.

"మా అమ్మమ్మ సావోపాలోలో ఎర్రమట్టిలో ఉంది పిన్నీ. పక్క సమాధి ఇటలీవాళ్ళది. అమ్మ పోయాక, నేనిటొచ్చాక, ఆ ఇటలీ ఆవిడ మనవడే రెండింటికీ పూలు పెడుతున్నాడు. నేనడగలేదు. అతనే పెడుతున్నాడు." గట్టు దిగింది. "నేనూ ఇక్కడ ఎవరికో పెట్టాలిగా. పద, ఆ బస్సు డ్రైవరు దగ్గరికి."

పూజారి అప్పుడే బస్సు కడుగుతున్నాడు. నా వెనక ఆ రాయి తను చూసుకుంటానని చెప్పింది రోసానా.

"మీ ఇద్దరికీ బంధుత్వమేమిటి?"

"సమాధి స్నేహితులం" అంది రోసానా. ఆ మాట ఇప్పుడు పేపర్లలో కూడా వస్తోంది. పిల్లాజెల్లా లేనివాళ్ళు పరిచయం చేసుకుని ఒకే సమాధి తీసుకుంటున్నారట పట్నాల్లో.

"మీరు బౌద్ధులేనా?"

"ఆదివారం మేరీమాతకి మొక్కుతాను. మిగతా రోజులు ఎవరు దొరికితే వాళ్ళకి."

ఆయన చేతిలో గొట్టంలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "అలా కాదండీ. వెనక ఎవరో ఉండాలంటే అర్థం..."

"పూజారిగారూ, మీ నియమానికి కావాల్సింది రక్తమా, బకెట్టు పట్టుకునేవాళ్ళా?"

ఆయన కొండ వైపు చూశాడు, కంకర పోసిన వరసల వైపు. "ఆ నియమం రాసినప్పుడు ఊరి నిండా జనం ఉండేవాళ్ళు" అని గొణిగి నీళ్ళు కట్టేశాడు. మీ అన్నగారు సరేనంటే నాకు అభ్యంతరం లేదన్నాడు.

దారిలో రోసానా అంది, "నీ కోసం తొందరగా చావమంటే చావను పిన్నీ. గడ్డి పీకుతాను, చాలా?"

చాలు.

జూన్ 8

వానలు మొదలవక ముందే కానివ్వాలని అన్నయ్య వచ్చాడు. రాయి ఎత్తడానికి గోహే మేస్త్రీ గొలుసులు తెచ్చాడు. నేను సమాధికి అడ్డంగా నిలబడ్డాను. అడ్డంగా అంటే నా చేతిలో గొడుగూ, బకెట్టూ.

చెప్పాను. పాక్ సంగతి, జాడీ సంగతి.

"ఎవరు చెప్పారు?"

"తాత్సు మామ్మ."

"ఆవిడకి నిన్న తిన్నది గుర్తుండదు."

"నిన్న తిన్నదెవరికి కావాలన్నయ్యా? నువ్వు పండక్కి పెట్టే వెల్లుల్లి ఎవరికనుకుంటున్నావు?"

మొదట అర్థం కాలేదు. అర్థమవుతున్నప్పుడు ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "అంటే నేనిన్నేళ్ళూ... ఎవడో కొరియావాడికి..."

"పెట్టావు. బాగానే పెట్టావు. అతనికి సొంతవాళ్ళెవరూ పెట్టలేకపోయారు, నువ్వు పెట్టావు. ఇప్పుడు వద్దంటున్నావు."

పూజారి తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. అన్నయ్యకి కోపం ఎటు తిప్పాలో తెలియక నా మీదికి తిప్పాడు. రాయి నేను ఉంచుకుంటానని, రోసానాతో మాట్లాడుకున్నానని చెప్పేసరికి ఇంకా రేగింది.

"సిగ్గు లేదూ? ముక్కూ మొహం తెలియని పరాయి మగాడితో ఒకే సమాధిలో పడుకుంటావా? జనం ఏమనుకుంటారు?"

"ఏ జనం, పందులా? డెబ్భై ఏళ్ళూ ఒక్కదాన్నే పడుకున్నానన్నయ్యా. ఇప్పటికి తోడు దొరికింది, నీకేం బాధ?"

గోహే మేస్త్రీ చెవిమిషను పనిచేయదని అందరికీ చెబుతాడు. అంత అబద్ధం ఇంకోటి లేదు. అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు.

అన్నయ్య నవ్వలేదు. రుమాలుతో మెడ తుడుచుకుని "రాయి నీ ఇష్టం, ఉంచుకో" అన్నాడు.

"నానమ్మని కూడా ఉంచి వెళ్ళు. అతన్ని పెట్టింది నానమ్మే."

"నానమ్మ ఓబావారింటి కోడలు. వంశంతో పాటు వస్తుంది."

నాలుగు మూటలూ కారు వెనక సీట్లో పెట్టి, జాగ్రత్తగా సీటు బెల్టు పెట్టాడు. అందులో నానమ్మ ఏదో నాకు తెలుసు, ముదురు నీలం గుడ్డ. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది మలుపు దాకా. ఇన్నేళ్ళ తర్వాత ఆవిణ్ణీ పాక్‌నీ విడదీశాం.

నాకు కోపం ఉంది. రాస్తున్నాను. ఉంది. నన్ను మర్చిపోయినందుకు ఉంది, నానమ్మని తీసుకుపోయినందుకు ఇంకా ఉంది.

జూన్ 9

జాడీని తిరిగి లోపల పెట్టించాను, అదే మూల. పక్కన ఖాళీ. పూజారి మళ్ళీ మంత్రాలు చదివి రాతిలోకి ఆత్మని పిలిచాడు. ఒకే రాతికి పంపించడం, పిలవడం రెండూ చేసింది జీవితంలో ఇదే మొదటిసారట.

జూన్ 30

వాన. ఆశ్రమంలో తాత్సు మామ్మకి చెప్పాను, పాక్ ఇంటికొచ్చేశాడని.

"ఎవరు?" అంది.

జూలై 21

ఊరి యువజన సంఘంవాళ్ళు మెట్ల దారిలో గడ్డి కోశారు. యువకుల్లో అందరికన్నా చిన్నవాడు కాంజీ, యాభై ఎనిమిది. నడుం పట్టేసి మధ్యలో కూర్చుండిపోతే రోసానా కొడవలి లాక్కుని మిగతాది కోసేసింది. వచ్చే ఏటి నుంచి సంఘంలో చేరమని అడిగారు. నన్ను యువతి అన్నారు పిన్నీ, నలభై ఎనిమిదేళ్ళకి, అని దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

రాతి పక్కన చిన్నగా "పాక్" అని చెక్కమన్నాను మేస్త్రీని. కొరియా అక్షరాల్లో ఎలా రాస్తారో రోసానా ఫోనులో చూపించింది. సగం పేరే. మిగతా సగం అడిగే మనిషి ఎవరైనా వస్తే బాగుండును.

ఆగస్టు 10

అన్నయ్య ఫోను లేదు. రెండు నెలలు దాటింది. నేనూ చేయలేదు. చేయను.

క్యాబేజీ ఉప్పులో వేశాను. పెరట్లో వెల్లుల్లి గడ్డలు ఈసారి బాగా ఊరాయి.

ఆగస్టు 14

ఫ్రిజ్ నిండా వెల్లుల్లి వాసన. కడగడం లేదు.

నిన్న బోన్ మొదలు. సాయంత్రం గుమ్మంలో దివిటీ వెలిగించి పిలిచాను. ఎవరిని పిలవాలో తెలియక కాసేపు తడబడ్డాను. అమ్మావాళ్ళు చీబాకి వెళతారో ఇక్కడికొస్తారో. చివరికి దారి తెలిసినవాళ్ళంతా రండి అన్నాను. ఇవాళ పొద్దున రోసానా, నేను రాయి కడిగాం. రోసానా కాఫీ పెట్టింది, అతనికి కాదట, వాళ్ళ అమ్మమ్మకి, దారిలో ఇటు వస్తుందేమోనని. నేను పళ్ళెం పెట్టాను. పూజారి వచ్చాడు. ముక్కు తిప్పాడు, మంత్రం మాత్రం పూర్తిగా చదివాడు.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది.

"మిత్సూ."

"చెప్పన్నయ్యా."

"ఇవాళ వెళ్ళాను. కార్డు పెట్టాను. వచ్చారు."

"ఎలా ఉన్నారు?"

"చల్లగా ఉన్నారు." గొంతు సవరించుకున్నాడు. "పళ్ళెం తీసుకెళ్ళాను."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏమో మరి. జూన్ నుంచీ పెట్టకూడదనుకున్నాను. నిన్న రాత్రి చేతులు ఊరుకోలేదు, కలిపేశాను. మీ వదిన కూడా ఏమీ అనలేదు. తీసుకెళ్ళి పెట్టానా, అక్కడి ఆవిడ వచ్చింది, యూనిఫాంలో. చాలా మర్యాదగా, వంగి వంగి దండాలు పెట్టింది. తినేవి పెట్టకూడదట. గాలి బయటికి పోదు కదా, వాసన మిగతా కుటుంబాలకి ఇబ్బందట. తీసేయమంది."

"తీసేశావా?"

"ఏం చేయను? వెనక వాళ్ళు లైన్లో ఉన్నారు. నానమ్మ ముందు నుంచి పళ్ళెం తీసేశాను మిత్సూ. నా చేతులతో నేనే."

ముక్కు చీదాడు. జలుబట. ఆగస్టులో జలుబు. నా కోపం ఎక్కడుందా అని వెతుక్కున్నాను, చేతికి దొరకలేదు. చిన్నప్పుడు నానమ్మ జాడీ మూత తీస్తే మేమిద్దరం ముక్కులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం, వెనక నుంచి ఆవిడ తిట్లు. అవే గుర్తొచ్చాయి.

"అతనికి పెట్టావా నువ్వు?" అన్నాడు.

"పెట్టాను."

"తిన్నాడా?"

"పళ్ళెం మీద కాకి వాలింది. ఎవరో ఒకరు తిన్నట్టే."

నవ్వాడు. మార్చి నుంచి మొదటిసారి. ఆ తర్వాత కూడా ఫోను పెట్టేయలేదు. అటు వదిన టీవీ చప్పుడు, ఇటు నా గోడ గడియారం.

"మిత్సూ, అక్కడ లోపల... చోటుందా?"

"ఎవరికి?"

"ముందు నానమ్మకి."

ముందు అన్నాడు. నేను విన్నాను. తనూ విన్నాడనుకుంటాను.

"ఉందన్నయ్యా, తీసుకురా" అన్నాను. "కాస్త జరిగితే సరి."